రోల్ హూపుల రంధ్రాలు: కొలత ఎక్కడి నుంచి మొదలవ్వాలి?

ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో, మా ఇంటి గ్యారేజీలో రెండేళ్ళుగా కోబ్రా నమూనా కిట్ కారును, అంటే విడిభాగాలు కొని ఇంట్లోనే కూర్చుకునే కారును, నిర్మిస్తున్నాను. 1962లో కారల్ షెల్బీ ఒక తేలికపాటి బ్రిటిష్ ఏసీ కారులో ఫోర్డ్ వి8 ఇంజన్ బిగించి తయారుచేసిన కోబ్రాకు పైకప్పు లేదు. మా కారుకూ లేదు. కారు బోల్తా పడితే మా తలలకూ నేలకూ మధ్య అడ్డుగా నిలిచేవి సీట్ల వెనకనున్న రెండు రోల్ హూపులే, అంటే కమానులా వంచిన ఉక్కు గొట్టాలే.

అందువల్ల అవి చాసిస్‌కు, అంటే కారు అడుగునుండే ఉక్కు చట్రానికి, చెందినవే తప్ప బాడీకి చెందినవి కావని నా దృఢమైన అభిప్రాయం. ఫైబర్ గ్లాస్ బాడీ మీద మాత్రమే బిగించిన హూపు చూడటానికి ఎంత అందంగా ఉన్నా, బరువు పడిన క్షణంలో దాని బోల్టులు బాడీని చీల్చుకుని ఊడివస్తాయి. పందెపు కార్లలో రోల్ కేజ్‌ను (డ్రైవరు చుట్టూ ఉండే రక్షణ గొట్టాల చట్రాన్ని) బోల్టులతో బిగించేటప్పుడు, ఒక్కొక్క పాదానికి 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. వైశాల్యం గల బలపరిచే ప్లేటునూ, 8.8 బలపు గ్రేడు గల ఎం8 (8 మి.మీ.) బోల్టులు కనీసం మూడింటినీ అంతర్జాతీయ మోటారు పందాల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనలు కోరుతాయి. మా చాసిస్‌కు వెల్డింగ్ చేసిన గొట్టపు తొడుగులున్నాయి. హూపు కాళ్ళు బాడీలోని రంధ్రాల గుండా ఆ తొడుగుల్లోకి దిగాలి.

మొదటి రంధ్రం విషయంలో నేను పొరపడ్డాను. బాడీ మధ్యరేఖ నుంచి కొలిచి గుర్తు పెట్టాను. చేతితో అచ్చు పోసిన బాడీ రెండు పక్కలా ఒకేలా ఉండదన్న సంగతిని లెక్కలోకి తీసుకోనందువల్ల, రంధ్రం తొడుగుకు 6 మి.మీ. పక్కకు పడింది. ఆ తరువాత తొడుగులో సరిగ్గా ఇమిడే కొయ్య బిరడా చేయించి, దాని నడుమ సన్నని రంధ్రం వేసి, పొడవాటి డ్రిల్లు బిట్టును కింది నుంచి పైకి నడిపించాను. కాలు ఎటు వాలి ఉందో బిట్టు కూడా అటే వెళ్ళింది కనుక, మిగిలిన మూడు రంధ్రాలు కచ్చితంగా కుదిరాయి. బాడీ వంపు తిరిగి ఉన్నచోట రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో రావడం సహజమే. పైపూత పెచ్చులూడకుండా మాస్కింగ్ టేపు అంటించి, గుండ్రటి రంపాన్ని ముందు కొద్దిసేపు వెనక్కి తిప్పి గాడి పడిన తరువాతే కోశాను. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. మాస్కు లేకుండా ఈ పనికి ఎవరూ పూనుకోవద్దని వేడుకుంటున్నాను.

రోడ్డు మీద మనం హెల్మెట్ పెట్టుకోము కాబట్టి, తల తగిలే మేర గొట్టానికి గట్టి నురుగు తొడుగు వేశాను. ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు ముందు జరిగే ఐవీఏ (ఒక్కొక్క వాహనానికి విడిగా ఇచ్చే ఆమోదం) తనిఖీలో బయటికి పొడుచుకొచ్చిన అంచులకు కనీసం 2.5 మి.మీ. గుండ్రదనం ఉండాలి కనుక, బయట కనిపించే బోల్టు తలలకు టోపీలు బిగించాను.

తప్పిన రంధ్రానికి లోపలి వైపు నుంచి ఫైబర్ పట్టీలు వేసి రెజిన్ పూశాను. అది పూర్తిగా గట్టిపడిన తరువాత బిరడా పెట్టి, ఈసారి కింది నుంచే రంధ్రం వేస్తాను.