చేతిలోంచి వదిలాక ఇంక మనదేం లేదు

నిన్న రాత్రి నా చిన్న రబ్బరు విమానం రెక్కకి టిష్యూ కాగితం అంటించడం పూర్తయింది. నీళ్ళు సన్నగా స్ప్రే చేసి, ఆరేటప్పుడు మెలి తిరక్కుండా బోర్డు మీద పిన్నులతో బిగించేసి పడుకున్నా. పొద్దున లేచి మొహం కూడా కడుక్కోకుండా వెళ్ళి ముందు దాన్నే చూశా. ముడతలన్నీ పోయి డప్పులా బిగిసింది, వేలితో కొడితే టక్‌మంటోంది. పిన్నులు తీసి కంటికి ఎదురుగా పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి చూశా, ఎక్కడా వంకర లేదు. ఆ ఒక్క నిమిషం కోసమే ఇన్ని రాత్రులు కూర్చున్నానేమో అనిపించింది.

దీనికి మోటార్ లేదు, బ్యాటరీ లేదు, రిమోట్ అసలే లేదు. ముక్కు దగ్గర ఒక ప్రాప్, అంటే తిరిగే పంకా, లోపల మెలి తిప్పే రబ్బరు, అంతే. ఆరేళ్ళ నుంచి రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేస్తూ ఇప్పుడు రబ్బరు విమానం ఏంటి అని ఇద్దరు ముగ్గురు అడిగారు, దానికి కారణం ఒక మాట.

మేం ఎగరేసే చోటికి ఒక పెద్దాయన వస్తుంటారు. ఒకరోజు నా విమానం చక్కగా రౌండ్లు కొడుతుంటే పక్కన నిలబడి చూస్తూ, "బాగా తిప్పుతున్నావు బాబూ, ఎత్తు కూడా సరిపోయేంత ఉంది, ఒక్కసారి రిమోట్ స్టిక్కుల మీంచి వేళ్ళు తీసెయ్" అన్నారు. తీశా. రెండు మూడు సెకన్లు నేరుగానే పోయింది, తర్వాత ఎడమ రెక్క మెల్లగా వాలింది, ముక్కు దిగింది, స్పీడు పెరిగిపోతోంది, ఇంక ఆగలేక మళ్ళీ స్టిక్కులు పట్టుకున్నా. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఇంతసేపూ దాన్ని మోసింది నీ బొటనవేళ్ళు" అన్నారు, అంతే, వెళ్ళి తన విమానం చూసుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఎందుకంటే అది నిజం. రెక్క కాస్త మెలి తిరిగి ఉన్నా, బరువు ఒక పక్కకి ఎక్కువైనా, మోటార్ కోణం తప్పినా మన వేళ్ళు సర్దేస్తుంటాయి, మనకి తెలియకుండానే. ఏళ్ళ తరబడి ఆ తప్పుల మీదే ఎగరేస్తూ బాగా ఎగరేస్తున్నామనుకుంటాం.

మొదట్లో నేను పోగొట్టుకున్న ట్రైనర్ విమానం సంగతి గుర్తొచ్చింది. పైన రెక్క, ఫోమ్ బాడీ, రెక్క చివర్లు కొంచెం పైకి లేచి ఉంటాయి, నేర్చుకునేవాళ్ళకి అంతకంటే మంచిది ఉండదు. బ్యాటరీ పట్టే చోట ఖాళీ ఎక్కువుంటే, తలుపు సరిగ్గా పడుతుంది కదా అని మూడు సెంటీమీటర్లు వెనక్కి జరిపి పెట్టా. చేత్తో విసిరిన వెంటనే ముక్కు ఆకాశం వైపు లేచింది, నేను స్టిక్ ముందుకి తోస్తే దబ్బున కిందకి చూసింది, వెనక్కి లాగితే మళ్ళీ పైకి, ఈసారి గాల్లో నిలబడిపోయి ఒక రెక్క వాల్చి నేల మీద పడింది. మొత్తం ఐదు సెకన్లు కూడా కాలేదు. రేడియో సిగ్నల్ పోయిందనుకున్నా అప్పట్లో. రేడియోది ఏ తప్పూ లేదు, సీజీ వెనక్కి పోయింది.

సీజీ అంటే బరువు కేంద్రం. కొత్తవాళ్ళెవరైనా చదువుతుంటే ఇది ఒక్కటి పట్టుకోండి చాలు. రెక్క వెడల్పు, అంటే ముందు అంచు నుంచి వెనక అంచు దాకా 18 సెంటీమీటర్లు ఉందనుకోండి, మామూలు రెక్క, మామూలు తోక ఉన్న విమానానికి అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపల, అంటే ముందు అంచు నుంచి నాలుగున్నర నుంచి ఆరు సెంటీమీటర్ల మధ్యలో రెండు పక్కలా వేళ్ళు పెట్టి లేపితే విమానం సమంగా నిలబడాలి. బ్యాటరీ పెట్టి, ప్రాప్ పెట్టి, ఎగరడానికి ఎలా ఉంటుందో అలాగే ఉంచి చూడాలి, ఖాళీ బాడీ కాదు. ముక్కు బరువైతే మొద్దుగా పోతుంది, దిగేటప్పుడు స్పీడుగా దిగుతుంది, అయినా ఇంటికి తెచ్చుకోగలం. తోక బరువైతే చాలాసార్లు ముక్కలే తెచ్చుకుంటాం.

రేడియో కంట్రోల్‌ని నేను తక్కువ చేయట్లేదు, ఇప్పటికీ వారం వారం ఎగరేస్తా. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై చెయ్యి తడబడితే, ఏ రెక్క వాలుతోందో ఆ వైపుకే స్టిక్ తోసి దానికి ఆసరా ఇచ్చినట్టు అనుకోండి, సరైపోతుంది, నన్ను చాలాసార్లు కాపాడిన చిట్కా ఇది. ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్ చెయ్యాలి, చివర్లో ఆఫ్ చెయ్యాలి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, ఛార్జింగ్ పెట్టి ఆ గదిలోంచి వెళ్ళిపోకండి, దయచేసి. ఇవన్నీ తెలిసి కూడా, విమానం దానంతట అది ఎందుకు ఎగురుతుందో నాకు తెలియలేదనేదే నా బాధ.

అందుకే బాల్సా చెక్క కొని కూర్చున్నా.

బాల్సా గురించి ఎంత చెప్పినా తనివి తీరదు నాకు. పట్టుకుంటే బరువే తెలియదు గానీ, వృక్షశాస్త్రం లెక్కలో అది హార్డ్‌వుడ్, అంటే గట్టి చెక్క, జాతే. ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది, చాలా తొందరగా పెరిగే చెట్టు. ఒకే సైజు షీట్లు రెండు తీసుకుని తూకం వేస్తే ఒకటి ఇంకోదానికి రెట్టింపు ఉండొచ్చు, బయటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే చిన్న తూకం మిషన్ లేకుండా రబ్బరు విమానం మొదలెట్టకండి. ధార, అంటే చెక్కలో పీచు పోయే తీరు, కూడా చూసుకోవాలి. పొడుగు గీతలతో సులువుగా వంగే షీటు గుండ్రంగా చుట్టడానికి, చేప పొలుసుల్లా మచ్చలు మచ్చలుగా మెరిసే షీటు వంగనే వంగదు కాబట్టి రెక్కలోపలి రిబ్బులకి, అంటే అడ్డ పట్టీలకి, తోకకి.

తోక దగ్గర మాత్రం పిసినారిలా ఉండాలి. సీజీకి వెనకాల 45 సెంటీమీటర్ల దూరంలో తోక, ముందు 15 సెంటీమీటర్ల దూరంలో ముక్కు ఉన్నాయనుకోండి, తోకలో ఒక్క గ్రాము జిగురు ఎక్కువ పూస్తే దాన్ని సరిచెయ్యడానికి ముక్కులో మూడు గ్రాముల మట్టి పెట్టాలి, మొత్తం నాలుగు గ్రాములు దండగ. విమానం మొత్తమే ముప్ఫై గ్రాములున్నప్పుడు నాలుగు గ్రాములంటే మామూలు విషయం కాదు. నా మొదటి తోక పక్కన పెట్టేసి రెండోది కట్టింది ఇందుకే, రెండూ పక్కపక్కన పెడితే తేడా కంటికి తెలియదు, మిషన్‌కి తెలుస్తుంది.

కట్టుకుంటూ కట్టుకుంటూ పాత చరిత్ర చదవడం మొదలెట్టా. అల్ఫాన్స్ పెనో అని ఫ్రెంచాయన, 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యూలరీస్ తోటలో, చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు తన రబ్బరు విమానం వదిలాడు. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 45 సెంటీమీటర్లు. 11 సెకన్లు ఎగిరి సుమారు 40 మీటర్లు పోయింది. 40 మీటర్లేనా అనిపిస్తుంది గానీ, ఆ 11 సెకన్లూ ఎవరి చెయ్యీ దాని మీద లేదు. రెక్క చివర్లు పైకి వంచాడు, తోకని రెక్క కంటే తక్కువ కోణంలో పెట్టాడు. గాలి దెబ్బకి ముక్కు లేస్తే తోక మీద ఒత్తిడి మారి తోకని పైకి తోస్తుంది, ముక్కు మళ్ళీ దిగుతుంది. ముక్కు దిగితే దానికి తిరగేసి జరుగుతుంది. ఒక రెక్క వాలితే విమానం ఆ పక్కకి జారుతుంది, అప్పుడు పైకి వంచిన చివర వల్ల వాలిన రెక్కకే గాలి ఎక్కువ పట్టి లేస్తుంది. ఆ పెద్దాయన నా దగ్గర లేదన్నది ఇదే కదా! మరుసటి రోజు, ఆగస్టు 19న, రైట్ సోదరుల్లో ఒకడైన ఆర్విల్ పుట్టాడు. అతనికి ఏడేళ్ళప్పుడు, 1878లో, వాళ్ళ నాన్న తెచ్చి ఇచ్చిన రబ్బరు హెలికాప్టర్ బొమ్మ కూడా ఈ పెనో డిజైన్ నుంచి వచ్చిందే. ఆ అన్నదమ్ములు దాన్ని విరిగేదాకా ఆడి, మళ్ళీ వాళ్ళే కట్టుకున్నారు. పెనో మాత్రం ముప్ఫై ఏళ్ళకే పోయాడు, 1880లో. చదివి చాలాసేపు అలాగే ఉండిపోయా.

ఇంకా చెప్పాలంటే, హాల్లోపల గాలి కదలని చోట ఎగరేసే విమానాలుంటాయి, రబ్బరు తీసేస్తే గ్రాము పైచిలుకు బరువు, అరగంట దాటి ఎగురుతాయి, ప్రాప్ ఎంత నిదానంగా తిరుగుతుందంటే లెక్కపెట్టొచ్చు. పూర్వం వాటి రెక్కలకి పొర కోసం నీళ్ళ మీద లక్క లాంటి ద్రావణం పోసి, అది పలచగా పరుచుకున్నాక తీగ చట్రంతో లేపేవాళ్ళు. ఇది చదివాక నా ముప్ఫై గ్రాములు నాకే బరువనిపించాయి.

సరే, ట్రిమ్మింగ్ సంగతి, అంటే విమానం దానంతట అది సరిగ్గా ఎగిరేలా కొంచెం కొంచెం సర్దుకోవడం. అసలు పని అంతా ఇక్కడే ఉంది.

నిన్న అంటించింది విమానానికి రెండో రెక్క, మొదటిది గడ్డిలో ఏదో పుల్ల గుచ్చుకుని చిరిగింది, కాబట్టి ఈ సాయంత్రం మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సొచ్చింది. గాలి పూర్తిగా పడిపోయేదాకా ఆగా. ముందు రబ్బరు తిప్పకుండా ఉత్తి గ్లైడ్, అంటే పవర్ లేకుండా గాల్లో జారడం. భుజం ఎత్తు నుంచి, ముక్కు కొంచెం కిందకి పెట్టి, ఎదురుగా కొన్ని మీటర్ల దూరంలో నేల మీద ఒక చోటు చూసుకుని దాని వైపు మెల్లగా తోయాలి, విసరకూడదు. మొదటిసారి లేచి, ఆగి, తల దించుకుంది. స్టాల్ అంటే ఇదే, ముక్కు మరీ లేచి రెక్కకి గాలి పట్టు తప్పడం. ముక్కులో బఠాణీ గింజంత మట్టి పెట్టా. రెండోసారి తక్కువగా ఊగింది. ఇంకొంచెం పెట్టా. మూడోసారి నా చేతిలోంచి ఒక గీత గీసినట్టు పోయి గడ్డి మీద వాలింది, కాస్త కుడికి తిరుగుతూ. అదే కావాలి నాకు.

ఇప్పుడు రబ్బరు. తిప్పే ముందు సిలికాన్ పూసి, దాని పొడవుకి నాలుగు రెట్లు లాగి, సగం చుట్లు అలా లాగి ఉంచే తిప్పి, మిగతా సగం తిప్పుతూ మెల్లగా దగ్గరికి నడుచుకుంటూ రావాలి. తెగితే బాడీ లోపలంతా చీరేస్తుంది కాబట్టి నేను బాడీలో ఒక సన్నని గొట్టం పెట్టి దాని లోపల తిప్పుతా. మొదట 100 చుట్లే. వదలగానే ముక్కు లేపేసి ఎడమకి వాలింది. ప్రాప్ ఒక వైపు తిరిగితే బాడీ ఇంకో వైపు తిరగాలని చూస్తుంది, పైగా రబ్బరు మొదటి కొన్ని సెకన్లలోనే గట్టిగా తోస్తుంది, తర్వాత నిదానిస్తుంది. ఇక్కడ చెయ్యి తోక మీదకి పోతుంది, తోకని కాస్త వంచేద్దామని. వంచకూడదు! గ్లైడ్ సరిగ్గా ఉంది, పవర్ ఉన్నప్పుడే తప్పు వస్తోంది, అంటే దిద్దాల్సింది ప్రాప్ చూసే దిక్కు. తోక ముట్టుకుంటే సరిగ్గా ఉన్న గ్లైడ్ కూడా పోతుంది. రేడియో విమానాల్లో ఈ రెండూ నేనెప్పుడూ విడదీసి చూడలేదు, కలిపి వేళ్ళతో సర్దేసేవాణ్ణి.

ప్రాప్ బ్లాకు, అంటే ప్రాప్‌ని పట్టి ఉంచే ముక్క, దాని వెనకాల పైన, ఎడమ పక్కన అర మిల్లీమీటరు బాల్సా ముక్క దూర్చా, అంటే ప్రాప్ కాస్త కిందకీ కాస్త కుడికీ చూస్తుంది. మళ్ళీ 100 చుట్లు. ఈసారి కుడికి తిరుగుతూ నిదానంగా ఎక్కింది. 200 తిప్పా. వదిలేముందు డీథర్మలైజర్ టైమర్ పెట్టా, వేడి గాలి పట్టుకుని పైకి తీసుకుపోతే టైమ్ అయ్యాక తోక వెనక అంచు పైకి లేచి విమానం ఉన్నచోటే మెల్లగా కిందకి దిగిపోతుంది. ఆ సమయానికి వేడి గాలి ఏమీ ఉండదు, అయినా పెట్టా, ఇన్ని రాత్రుల పని ఊరికే గాలికి ఇచ్చెయ్యలేను.

వదిలా.

వదిలాక చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు. ఆరేళ్ళ అలవాటు, బొటనవేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. 2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ అనే అమెరికన్, అప్పటికే చూపు దాదాపు పోయిన 77 ఏళ్ళ మనిషి, ఐదు కిలోల లోపు బాల్సా విమానాన్ని కెనడా తీరం నుంచి అట్లాంటిక్ మీదుగా ఐర్లాండ్‌కి పంపాడు, సుమారు 39 గంటలు, 3,000 కిలోమీటర్ల పైనే. దాంట్లో ఆటోపైలట్ ఉంది, నిజమే, కానీ నడి సముద్రంలో ఉన్నప్పుడు అటు నుంచి ఎవరూ స్టిక్ పట్టుకోలేరు. అంతకుముందు పంపినవి చేరలేదు. ఆ 39 గంటలు ఆయన చేతులు ఏం చేశాయో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నాది రెండు చుట్లు తిరిగి నా తల కంటే పైకి ఎక్కింది, రబ్బరు అయిపోయి ప్రాప్ ఆగబోతూ ఒక్కసారి ఊగింది, ఆ ఊపు దానంతట అదే సర్దుకుని గ్లైడ్‌లోకి వచ్చింది, నేను ఏమీ చెయ్యలేదు, చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. 41 సెకన్లు. నాకు ముప్ఫై అడుగుల దూరంలో గడ్డి మీద కూర్చుంది.

ఇంటికి రాగానే ఆ అర మిల్లీమీటరు ముక్కని పిన్ను మొనతో ఒక చుక్క జిగురు పెట్టి అక్కడే అతికించేశా. రేపు గాలి లేకపోతే 300 చుట్లు.