నాలుగో సెమిస్టర్, ఎనిమిది కప్పుల చాయ్

కోఠి ఉమెన్స్ కాలేజీ పూర్వ విద్యార్థినుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమంటే చాలామంది ఫ్రెషర్స్ పార్టీ గురించో ఫేర్‌వెల్ గురించో రాస్తారు. నాకు మాత్రం 2018 డిసెంబరే గుర్తొస్తుంది. బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపులో మా నాలుగో సెమిస్టర్ అప్పుడే మొదలైంది. 7వ తేదీన అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. మాలో చాలామందికి అదే మొదటి ఓటు. వేలి మీద సిరా గుర్తుతోనే క్లాసులకు వచ్చాం.

దిల్‌సుఖ్‌నగర్ వైపు వాళ్లకు ఇంకో సంబరం కూడా ఉండేది. సెప్టెంబరు 24న ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో మొదలైంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి వచ్చేసినట్టే. అయితే బస్ పాస్ ఉండగా మెట్రో ఎక్కడం దుబారా అనేది మా అమ్మ. అందుకే అది లేటయిన రోజులకు మాత్రమే.

గేటు బయట కోఠి హారన్ల మోత, పాత పుస్తకాల బేరాలు. లోపలికొస్తే రెసిడెన్సీ భవనం. రెండు శతాబ్దాల కిందట బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ మేడ 1949 నుంచి మన ఆడపిల్లల కాలేజీ. ఫస్టియర్‌లో ఆ సింహాల ముందు ఫొటోలు దిగడమే మా పని. నాలుగో సెమిస్టర్ వచ్చేసరికి వాటి ముందు నుంచే తలెత్తకుండా ఇంటర్నల్స్ గురించి మాట్లాడుకుంటూ వెళ్లిపోయేవాళ్లం.

కొత్త సెమిస్టర్ మొదటి వారం మాకు తీర్పుల వారం. క్యాంటీన్‌లో కూర్చుని ఏ క్లాసులో ముందు బెంచీ, ఏ క్లాసులో వెనక బెంచీ, దేనికి 75 శాతం అటెండెన్స్ సరిపెట్టుకుంటే చాలు అని తేల్చేసేవాళ్లం. ఒక్క క్లాసుకే మనుషుల్ని అంచనా వేయకూడదని పెద్దవాళ్లు అంటారు. ఏమో, మావి చాలావరకు నిజమే అయ్యాయి.

మ్యాథ్స్‌లో ఆల్జీబ్రా. మొదటి రోజు బోర్డు మీద ఒక్క అంకె కూడా లేదు. ఆల్జీబ్రాలో గ్రూప్ అనే భావన అంటే ఏమిటో నాలుగు నియమాల్లో రాసి, గడియారం ముల్లు చూపించారు. 9 దాటి 5 గంటలు గడిస్తే 2 అవుతుంది కదా, కూడిక అంటే ఇది కూడా అన్నారు. నాకు ఆ క్షణమే నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. కంప్యూటర్స్‌లో డీబీఎంఎస్ (డేటాబేస్‌ల పాఠం) మేడమ్ మొదటి క్లాసు నుంచే నోట్స్ చెప్పి రాయించారు. చేతులు నొప్పి పుట్టేవి కానీ, పరీక్షల ముందు రాత్రి మా అందరినీ గట్టెక్కించినవి ఆ నోట్సే. తెలుగు క్లాసు భోజనం తర్వాత ఉండేది. అంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక స్టాటిస్టిక్స్. ఆ సెమిస్టర్‌లో ఇన్ఫరెన్స్, అంటే కొద్ది డేటా చూసి ఏది నమ్మవచ్చో తేల్చడం. మేడమ్ సిలబస్ కూడా చదవకుండా, "మీలో చాయ్ బాగా తెలిసినవాళ్లు ఎవరమ్మా?" అని అడిగారు. మా బెంచీలో ఒకమ్మాయి ఠక్కున లేచింది. పాలు, డికాక్షన్ విడివిడిగా కాచి కప్పులో కలిపిన ఇరానీ చాయ్‌కీ, ఇంట్లో అన్నీ కలిపి మరిగించిన చాయ్‌కీ తేడా కళ్లు మూసుకుని చెప్తానంది. మేడమ్ నవ్వి, ఇంగ్లండ్‌లో ఒకావిడ కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో చెప్పగలనని పందెం కాస్తే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ దాన్ని ఎలా పరీక్షించాడో చెప్పారు. ఎనిమిది కప్పులు, ఒక్కో రకం నాలుగు. ఎనిమిదిలో నాలుగింటిని ఎంచడానికి 70 దారులు. ఏమీ తెలియనివాళ్లు గుడ్డిగా ఎంచినా అన్నీ కరెక్ట్ అయ్యే అవకాశం 70లో ఒకటి. ముందు "ఈమెకు ఏమీ తెలియదు" అనే అనుకోవాలి, ఆ మాటను కొట్టేసే బాధ్యత డేటాది అన్నారు.

మర్నాడు నిజంగానే చాయ్ వచ్చింది! రెండు ఫ్లాస్కులు, చిన్న పేపర్ కప్పులు. కళ్లకు చున్నీ కట్టి ఒక్కోటీ తాగించాం. ఒక్కో రకంలో మూడు కరెక్ట్, ఒకటి తప్పు. ఏ రకం ఎన్నో ముందే తెలుసు కాబట్టి ఇటు ఒకటి తప్పితే అటు ఇంకోటి తప్పక తప్పుతుంది. క్లాసంతా చప్పట్లు కొట్టాం. మేడమ్ మాత్రం బోర్డు మీద లెక్క వేశారు. ఇంత బాగాగానీ, ఇంతకంటే బాగాగానీ చెప్పే దారులు 70లో 17. అంటే 24 శాతం. ఏమీ తెలియని నలుగురిని కూర్చోబెడితే ఒకరికి ఈపాటి మార్కులు రావచ్చు.

"నాకు తెలుసు మేడమ్, ఒక్క జతే తప్పింది!" అని ఆ అమ్మాయి గొడవ.

"నీకు తెలియదని నేను అన్నానా? తెలుసని ఈ ఎనిమిది కప్పులు నిరూపించలేదు, అంతే."

ఈ రెండూ ఒకటే కదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. కాదని మాకు అర్థం కావడానికి ఆ పీరియడ్ మొత్తం పట్టింది. నా ఉద్దేశంలో ఆ పేపర్ మొత్తానికి అసలు పాఠం అదే. తర్వాతవన్నీ టేబుళ్లు, ఫార్ములాలు.

వెళ్తూ వెళ్తూ మేడమ్ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి చెప్పారు. మన తెలుగాయన, అప్పటికి 98 ఏళ్లు. పాతికేళ్లు కూడా నిండకముందు కలకత్తాలో పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి, అంచనాలో తేడా ఎంతకంటే తగ్గదో చెప్పే ఈ ఫలితం పెద్ద శాంపిళ్లకే కాక చిన్నవాటికీ చూపించగలరా అని అడిగాడట. ఆయన ఆ రాత్రంతా కూర్చుని సాధించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామెర్-రావు బౌండ్. "కాబట్టి క్లాసులో నోరు మూసుకుని కూర్చోకండి" అన్నారు మేడమ్. రెండో సెమిస్టర్ దాకా మా సెక్షన్‌లో డౌట్ అడిగితే పక్కవాళ్లు మోచేత్తో పొడిచేవాళ్లు. ఆ వారం తర్వాత స్టాట్స్ పీరియడ్ ఎప్పుడూ టైమ్‌కి వదల్లేదు.

ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. వెబ్ పేజీలో బటన్ రంగు మారిస్తే జనం ఎక్కువ నొక్కుతున్నారా లేదా అని తేల్చడం నా పని. మూడు రోజులకే "పెరిగింది కదా, పెట్టేద్దాం" అని మేనేజర్ అంటే ఇంకొన్నాళ్లు ఆగుదామంటాను. ఆయనకు చాయ్ కథ ఇప్పటికే రెండుసార్లు చెప్పాను, ఆయన విసుగు కూడా చూశాను.

ఆ అమ్మాయి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఈమధ్య ఫోన్లో లెక్క వేసి చెప్పాను. పన్నెండు కప్పులతో, ఆరు ఆరుగా పెడితే, ఒక జత తప్పినా 924 దారుల్లో 37 మాత్రమే, అంటే 4 శాతం. గుడ్డిగా ఎంచి అంత బాగా చెప్పడం అరుదు కాబట్టి అప్పుడు మేడమ్ కూడా కాదనరు. సమ్మేళనానికి వస్తానంది. ఫ్లాస్కులు నేను తెస్తాను, చాయ్ డబ్బులు ఓడినవాళ్లవి.