దారిలో ముల్లు, సైకిలు బెల్లు

మన బడి సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు తక్కినవారంతా అయ్యవార్ల గురించీ వార్షికోత్సవాల గురించీ రాస్తారని తెలిసే, నేను ఒక హంతకుడి గురించి రాయదలచుకున్నాను. 1993లో మనం తొమ్మిదో తరగతిలో ఉండగా అనంతపురంలో కొన్నాళ్లపాటు సైకిలు బెల్లు వినిపిస్తే రోడ్డు పక్కకు దూకిన పిల్లలు ఎనిమిది మంది ఉండేవారు. వారిలో నేనొకణ్ణి.

ఆ ఏడాది దూరదర్శన్‌లో బాసు చటర్జీ దర్శకత్వంలో, బ్యోమకేశ్ అనే డిటెక్టివ్ కథలతో ‘బ్యోమకేశ్ బక్షీ’ ధారావాహిక మొదలైంది. హాస్టలు పిల్లలమైన మాకు డ్రాయింగు సారు వాళ్ల ఇంట్లోని నలుపు తెలుపు టీవీయే గతి. సారు వద్దనేవారు కాదు, కాని గడప దాటి లోపలికి రానిచ్చేవారూ కాదు. కిటికీ చువ్వలు పట్టుకొని చూసేవాళ్లం. మాలో ఒక్కరికీ హిందీ సరిగా రాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మిత్రుడొకడు మా మధ్య నిలబడి, ఒక్కొక్క సంభాషణను గుసగుసగా తెలుగులో చెబుతుంటే, తెర మీద బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్ పెదవులు కదిలినా మాకు వినిపించింది మాత్రం వాడి గొంతే.

మా గుండెల్లో నిలిచిపోయిన కథ ‘రాస్తే కా కాంటా’, అంటే దారిలో ముల్లు. కలకత్తా వీధుల్లో రోడ్డు దాటుతున్న ధనవంతులు ఉన్నట్టుండి కూలిపోతుంటారు. తుపాకీ మోత ఉండదు, చుట్టూ ఇంతమంది ఉన్నా ఎవరూ ఏమీ చూడరు, గుండెలో మాత్రం గ్రామఫోను ముల్లు దొరుకుతుంది. మరోవైపు, మీ దారిలోని ముల్లును తీసేయాలంటే ఫలానా దీపస్తంభం దగ్గర నిలబడమని పత్రికలో ఒక వింత ప్రకటన వస్తుంటుంది. మా అనువాదకుడు ఆ స్తంభాన్ని ఏమాత్రం సంకోచించకుండా మన గడియార స్తంభం దగ్గరకు మార్చేశాడు. ఆ తర్వాతి శనివారం సాయంత్రం అక్కడ ఎవరైనా నిలబడతారేమోనని మేము నిజంగానే వెళ్లి చూశాం. వేరుశనక్కాయలమ్మే అవ్వ తప్ప ఎవరూ లేరు.

హత్యాయుధం సైకిలు బెల్లేనని తేలిన ఘట్టంలో కరెంటు పోయింది. ఆ రాత్రి హాస్టలు వరండాలో మిత్రుడే కథ ముగించాడు: హంతకుడు ‘పుల్లారాయుడు’ సైకిలెక్కి సందుల్లో మాయమైపోయాడట, ఈనాటికీ దొరకలేదట.

2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ఆ ధారావాహికను మళ్లీ ప్రసారం చేసింది. ఆ కథను మళ్లీ చూసినప్పుడు మొదట నన్ను ఆశ్చర్యపరచింది అందులోని నెమ్మది. నెత్తురు దాదాపు కనిపించదు. కథలో ఎక్కువ భాగం ఒక గదిలో, టీ కప్పులూ పత్రికలూ ముందు పెట్టుకొని బ్యోమకేశ్, అతడి స్నేహితుడు అజిత్ మాట్లాడుకోవడంతోనే నడుస్తుంది. అజిత్‌గా కె.కె. రైనా ముఖంలో కనిపించే అమాయకమైన ఆసక్తి లేకపోతే ఆ మాటలు పాఠంలా ఉండేవేమో. జేబు గడియారానికి ముల్లు తగిలి బతికి బయటపడ్డ ఆశుబాబును, ఆ క్షణంలో ఏదైనా శబ్దం విన్నారా అని బ్యోమకేశ్ అడిగినప్పుడు, సైకిలు బెల్లు విన్నానని ఆయన మామూలుగా అనేస్తాడు. రహస్యమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. బెల్లులోంచి ముల్లును విసిరే స్ప్రింగు చప్పుడును బెల్లు మోతే కప్పేస్తుంది. నడివీధిలో బెల్లు మోగితే అనుమానించేవారెవరు? రచయిత శరదిందు బందోపాధ్యాయ 1932లో బ్యోమకేశ్ కథలన్నిటిలోనూ మొదట రాసింది ఇదేనని తర్వాత తెలిసింది. తొలి కథలోనే ఇంత ధైర్యంగా ఆధారాన్ని పాఠకుడి కళ్లెదుట పెట్టడం నాకైతే అబ్బురమే.

ఇన్నేళ్ల పాత కథ కనుక చెప్పినా దోషం లేదు. హంతకుడి పేరు ప్రఫుల్ల రాయ్, వృత్తి బీమా ఏజెంటు. అతడు ఎక్కడికీ పారిపోలేదు. పట్టుబడిన తర్వాత పాన్‌లో దాచుకున్న విషం తిని చనిపోతాడు. ఇరవై ఏడేళ్లపాటు మా ఊరి సందుల్లో తిరిగిన పుల్లారాయుడు ఆ మధ్యాహ్నం నా ఎదుటే పోయాడు. నిజం చెప్పాలంటే కాస్త వెలితిగానే అనిపించింది.

వెంటనే కువైట్‌లో ఉన్న మిత్రుడికి ఫోను చేసి, ఎందుకు అబద్ధం చెప్పావని నిలదీశాను.

“కరెంటు పోయిండె గదప్పా, నాకేం తెలుసు? ఏదో ఒకటి చెప్పకుంటే ఆ రాత్రి మీరు నన్ను పండుకోనిస్తిరా?” అని పెద్దగా నవ్వాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. మళ్లీ వాడే, గొంతు తగ్గించి, సరిగ్గా ఆనాటి కిటికీ దగ్గరి గుసగుసతో అడిగాడు: “ఇంతకూ దొరికినాడా వాడు?”

నేను ఆశుబాబు జేబు గడియారం దగ్గరి నుంచి మొదలుపెట్టాను.