కంట్లో విరగదు, సింకులో విరుగుద్ది

జర్మనీలో ఏం ఉద్యోగం చేస్తున్నావని కంచరపాలెంలో ఎవరడిగినా నేను తాటిముంజతో మొదలుపెడతాను. లేత ముంజ మీద పలచటి తొక్క ఉంటుంది కదా, లోపలి నీళ్లు చిమ్మకుండా దాన్ని గోటితో వలవాలి. మా అమ్మమ్మ ఎండాకాలం బుట్టెడు ముంజలు ముందేసుకుని ఒక్కటీ చిట్లకుండా వలిచేది. ఇప్పుడు ఆ ముంజ కంటిగుడ్డు అనుకోండి. వలవాల్సిన పొర పైన కాదు, లోపల వెనక గోడకి అంటుకుని ఉంది. మందం రెండు మూడు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ పొర కిందే రెటీనా, చూపంతా దాని మీదే. వేలూ గోరూ లోపలికి పోవు కాబట్టి అర మిల్లీమీటరు లావు గొట్టం చివర రెండు గోళ్లు అమర్చి పంపాలి. ఆ గోళ్లకి డ్రాయింగ్ గీసే పని నాది.

అడిగినవాళ్లకి అర్థమైందో లేదో గానీ, చాలామంది "జీతం యూరోల్లోనే కదా" అని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు.

నేనుండేది టుట్లింగెన్. దక్షిణ జర్మనీలో డాన్యూబ్ ఒడ్డున చిన్న ఊరు. జనం మన గాజువాకలో ఒక మూలకి సరిపోరు. కానీ ఆపరేషన్ పరికరాల వాళ్లకి ఆ పేరు తెలియకుండా ఉండదు. 1867లో గాట్‌ఫ్రీడ్ యెట్టర్ అనే ఆయన అక్కడ పెట్టిన వర్క్‌షాపే తర్వాత ఎస్కులాప్ కంపెనీ అయింది. ఇప్పటికీ పెద్ద ఫ్యాక్టరీల పక్కనే పదిమంది కూడా లేని చిన్న షాపులుంటాయి. ఒకరు కత్తెరలే చేస్తారు, ఇంకొకరు పట్టకార్లే చేస్తారు.

ఇక డాన్యూబ్ సంగతి. రాజమండ్రి వంతెన మీద రైల్లో గోదావరిని చూసినవాడికి దాన్ని నది అనడానికి నోరు రాదు. వేసవిలో ఊరికి కాస్త ఎగువన అది నేలలోకి ఇంకిపోయి అడుగున రాళ్లు తేలతాయి. ఆ నీళ్లు పన్నెండు కిలోమీటర్ల అవతల ఆహ్ అనే చోట ఊటగా పైకొచ్చి చివరికి రైన్‌లో కలుస్తాయి. నల్లసముద్రానికని బయల్దేరినవి ఉత్తర సముద్రం చేరతాయన్నమాట. అక్కడ ఆదివారం షాపులు మూసేస్తారు, వీధిలో మనిషి కనపడడు. మొదటి రెండేళ్లు నేను తోచక వెళ్లి ఆ ఎండిన రాళ్ల మీద నడిచేవాణ్ని.

మా నాన్న షిప్‌యార్డులో టర్నర్. 'థౌ' అనే మాట నేను అఆల కన్నా ముందు విన్నాను. అంగుళంలో వెయ్యో వంతు, అంటే పాతిక మైక్రాన్ల చిల్లర. షాఫ్టు మూడు థౌలు ఎక్కువ కోతపడిందంటే ఆ పూట ఇంట్లో రేడియో కూడా మోగకూడదు. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్, జర్మనీలో మాస్టర్స్, అన్నీ అందరూ వెళ్లే దారే, చెప్పుకోడానికేం లేదు. ఉద్యోగం వచ్చాక నాన్నకి ఫోన్‌లో మా టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, ఐదు మైక్రాన్లని చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "థౌలో ఐదో వంతా? దేంతో కొలుస్తార్రా?" అన్నాడు. జీతం ఎంతని మాత్రం అడగలేదు.

మా బెంచిలో ఒక పెద్దాయన ఉండేవాడు. కిరుర్గీమెకానికర్, అంటే సర్జరీ పరికరాలు చేసే మెకానిక్. మూడున్నరేళ్లు అప్రెంటిస్ చేస్తేగానీ ఆ పేరు రాదు. నేను పుస్తకం జర్మన్‌లో 'హిరుర్గీ' అంటే షాపంతా నవ్వింది. ఆ వైపు వాళ్లు 'కి' అనే పలుకుతారు. మన శ్రీకాకుళం యాస విని హైదరాబాద్ వాళ్లు నవ్వడం నాకు తెలుసు, ఇక్కడ యాస రాలేదని నవ్వించుకున్నాను.

ఆ రెండు గోళ్ల పరికరం పేరు ఫోర్సెప్స్, అంటే పట్టకారు. అది ఎలా పనిచేస్తుందో చెప్తాను, ఈ కథకి అది కావాలి. చేత్తో పట్టే పిడి టైటానియం, తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు. దాని ముందు సన్నటి స్టీలు గొట్టం. గొట్టంలో ఇంకా సన్నటి తీగ. ఆ తీగ కొసని వైర్‌కట్ మెషిన్ రెండుగా చీల్చి దవడల్లా చేస్తుంది. పిడి నొక్కితే గొట్టం ముందుకు జరిగి దవడల్ని మూస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది, దవడలు వాటంతటవే తెరుచుకుంటాయి. అలా తెరుచుకోవాలంటే వాటిని ముందే కొంచెం ఎడంగా వంచి ఉంచాలి. ఆ వంపు మా షాపులో ఏ మెషినూ ఇవ్వదు. మైక్రోస్కోప్ కింద పెట్టి మనిషే వంచాలి.

పెద్దాయన వంచి, మూసి, వెలుతురుకి ఎదురుగా పట్టేవాడు. కొసలు ముందు కలవాలి, వాటి వెనక సన్నటి వెలుగు గీత మిగలాలి. వెనక ముందు కలిస్తే కొస నోరు తెరుచుకునే ఉంటుంది, పొర జారిపోతుంది. గీత కనపడితే "పస్ట్" అని ట్రేలో పెట్టేవాడు. సరిపోయింది అని. కనపడకపోతే ఏమీ అనకుండా మళ్లీ వంచేవాడు. ఆ గీత ఎంత మందం ఉండాలో డ్రాయింగ్‌లో రాద్దామని నేను నెలరోజులు తంటాలు పడ్డాను. చివరికి ఒక అంకె రాశాను. ఆయన దాన్ని ఎప్పుడూ చూడలేదని నా అనుమానం.

ఎవరి చెయ్యైనా సెకనుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సన్నగా వణుకుతుంది, డాక్టర్లకి మినహాయింపు లేదు. రెటీనా మీద కొస మోపే ఒత్తిడి చాలావరకు ఏడున్నర మిల్లీన్యూటన్ల లోపే, అంటే ముప్పావు గ్రాము బరువు కూడా ఉండదు. చేతికి తెలియదు. పొర లాగుతోందా చిరుగుతోందా అన్నది డాక్టరు మైక్రోస్కోప్‌లో చూసి గ్రహించుకోవాల్సిందే. అందుకే ముందు నీలం రంగు మందు వేసి ఆ పొర కనపడేలా చేస్తారు. అందుకే మేమూ కొసలకి మెరుపు లేకుండా మసక ఫినిష్ ఇస్తాం, లైటు పడి కళ్లు చెదరకుండా. పిడి నొక్కినప్పుడు లోపల రవ్వంత పట్టేసి వదిలినా కొస ఉలిక్కిపడుతుంది. మా పనిలో సగం టెన్షన్ ఆ రాపిడి గురించే.

కంటి వెనక భాగం లోపలికి ఇలా పరికరం పంపి విట్రియస్, అంటే కంటిగుడ్డులో నిండి ఉండే జెల్లీ, తీసే పద్ధతిని 1970 ప్రాంతంలో మొదలుపెట్టింది రాబర్ట్ మహెమర్. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లి మయామీలో చేశాడు. ప్రవాసే, కాకపోతే అటు వైపు. అప్పటి పరికరం లావు ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర. తర్వాత 0.9కి వచ్చింది, 2002 నుంచి అర మిల్లీమీటరు. అంత సన్నటి దారికి చాలాసార్లు కుట్టే అవసరం ఉండదు. సన్నబడేకొద్దీ పేషెంటుకి సుఖం, మాకు కష్టం. తీగ సగం లావుకి తగ్గితే బిరుసు సగం తగ్గదు, పదహారో వంతుకి పడిపోతుంది. ఇక 2021లో అమల్లోకి వచ్చిన యూరప్ కొత్త రూల్స్ తర్వాత పరికరం గ్రాముల్లో, దాని ఫైలు కిలోల్లో ఉంటోంది.

నేను గీసిన మొదటి మళ్లీ మళ్లీ వాడే ఫోర్సెప్స్ మార్కెట్లోకి వెళ్లాక ఆరు నెలలకి ఫిర్యాదులు మొదలయ్యాయి. కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయని, కత్తెరలా. వెనక్కొచ్చిన వాటిని మైక్రోస్కోప్ కింద పెడితే నిజమే. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు నాది. కంట్లో ఎక్కువ బలం పడుతోందని లెక్కలేసి దవడలు లావు చేశాను. లావు చేస్తే పొర కనపడకుండా కొస అడ్డొస్తోందని డాక్టర్లు తిప్పి పంపారు. ఆ చలికాలం నాకు నిద్ర తక్కువ.

అలాంటి సమయంలో సెలవు పెట్టి వైజాగ్ వచ్చాను. ఫ్రెండు ద్వారా ఒక కంటి ఆస్పత్రిలో ఒక పూట ఆపరేషన్లు చూసే అవకాశం దొరికింది. ఆకుపచ్చ బట్టలు వేసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ చేతులు చిన్నవి, ఆరు సైజు గ్లౌజులు. మా పిడులు ఎవరి చేతుల కొలతతో చేశామో అప్పుడు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. కానీ ఆమె పని చూస్తుంటే కొసలు విరగడానికి కారణమేమీ కనపడలేదు. పొర అంచు గిల్లి పట్టుకుని, గుండ్రంగా, తొందర లేకుండా, అచ్చం అమ్మమ్మలా వలిచింది.

కేసు అయ్యాక ట్రే వెనకాలే పరికరాలు కడిగే గదిలోకి వెళ్లాను. అక్కడ నడివయసు సిస్టర్, శ్రీకాకుళం వైపు మనిషి. నేనెవరో చెప్పి, ఇవి ఎక్కడ పాడవుతున్నాయో తెలియట్లేదమ్మా అన్నాను. ఆమె చేతిలో పని ఆపకుండానే చెప్పింది.

"కంట్లో ఎందుకు విరుగుద్ది బాబూ? కంట్లో ఉన్నంతసేపూ మేడమ్ గారు ఊపిరి బిగబట్టి పట్టుకుంటారు. సింకులో విరుగుద్ది."

తర్వాత చూపించింది. కేసుకీ కేసుకీ మధ్య టైము తక్కువ. కొస స్టీలు ట్రే అంచుకి తగిలితే చాలు. తుడిచే గాజుగుడ్డ పోగు దవడల్లో చిక్కుకుంటుంది, లాగితే ఒక దవడ వంగుతుంది. గొట్టంలో మిగిలిన సెలైన్ ఎండి ఉప్పు కడితే గొట్టం జరగదు. జరగలేదని గట్టిగా నొక్కితే దవడ మీద దవడ ఎక్కుతుంది. ఆమె మాత్రం సిరంజితో డిస్టిల్డ్ వాటర్ ఎక్కించి, రెండుసార్లు మెల్లగా నొక్కి వదిలి, గాలి పంపి ఆరబెడుతోంది. ఇదంతా మా మాన్యువల్లో ఉంది, తొమ్మిదో పేజీలో. ఆ మాన్యువల్ చాలా భాషల్లో ఉంది. ఆవిడ చదువుకునే భాషలో లేదు.

కొస దెబ్బతినకుండా తొడగడానికి మేం ఇచ్చే ప్లాస్టిక్ టోపీ ఏదమ్మా అని అడిగాను. "అదా, రంగు లేదు కదా, మొదటి రోజే సింకు కన్నంలోకి పోయింది" అంది. బదులుగా ఆమె ప్రతి కొసకీ సెలైన్ పైపు ముక్క తొడిగింది. దగ్గరికి తీసుకుని చూశాను. ముక్క చివర నేరుగా కాకుండా ఏటవాలుగా కోసి ఉంది. కత్తెర జారి అలా తెగిందేమో అనుకున్నాను.

"కాదు బాబూ, కావాలనే. నేరుగా కోస్తే తొడిగేటప్పుడు కొస అంచుకి తగుల్తాది. ఇలాగైతే ముందు ఈ పక్క ఆసరా ఇస్తాది, మెల్లగా లోపలికెల్లిపోద్ది."

పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీలకి ఈ పైపు తట్టుకుంటుందా అని అడిగితే, "మెత్తబడిపోద్ది, నాలుగైదుసార్లకి కొత్తది కోసుకుంటాం" అంది. అంతలో తర్వాతి ట్రే వచ్చింది. నేను పక్కకి జరిగాను.

ఇంటికెళ్లి నాన్నకి చెప్తే ఆయన మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "చాంఫర్రా అది! లోపలికి దూరేదానికి చాంఫర్ లేకుండా టోపీ ఎలా గీశావు? మా దగ్గరైతే హెల్పర్‌కి కూడా తెలుసు." చాంఫర్ అంటే అంచుని ఏటవాలుగా కోయడం. పదేళ్ల చదువు, పదేళ్ల సర్వీసు ఉన్న ఇంజినీరుని నేను. టోపీ డిజైన్ మా సప్లయర్‌ది అని గొణిగాను. ఆయన వినలేదు.

ఆ సెలవులోనే ఆయన్ని పెదగంట్యాడ వైపు తీసుకెళ్లాల్సి వచ్చింది. 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్ గేటు ముందు నుంచి కారు పోతుంటే, "ఇక్కడే చేస్తున్నారంట కదా ఈ ఆస్పత్రి సామాన్లు" అన్నాడు. అడగాల్సింది అడగకుండా అలా అనడం ఆయన పద్ధతి. ఎదురుగా లారీ వస్తోందని నేను రోడ్డు చూస్తూ ఊరుకున్నాను.

తిరిగొచ్చి మీటింగులో విషయమంతా చెప్పాను. ఎంతమందిని అడిగి తేల్చావు అన్నారు. ఒకరిని అన్నాను. నవ్వు వినపడింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. వెనక్కొచ్చిన ఒక ఫోర్సెప్స్ తీసి దవడల సందులోంచి ఒక తెల్లటి పోగు లాగి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత లావు దవడలు వెనక్కి పోయాయి, పాత సన్న దవడలే ఉంచాం. పిడిలో నీళ్లు ఎక్కించే కన్నం పెద్దది చేశాం. టోపీ సిలికాన్‌తో చేశాం, ముదురు నీలం, కొస ఏటవాలుగా కోసి. డ్రాయింగ్‌లో దాని పేరు షుట్స్‌కాప్పె, అంటే రక్షణ టోపీ. మార్పుకి కారణం రాయాల్సిన గడిలో 'వినియోగదారు పరిశీలన' అని రాశాను, అంతకంటే అందులో పట్టలేదు.

మొదటి పది టోపీలు వైజాగ్ పంపాను. పదిహేను రోజులకి సిస్టర్ నుంచి వాట్సాప్‌లో వాయిస్ వచ్చింది. "బాగున్నాయి బాబూ, మెత్తబడట్లేదు. కొంచెం పొడుగు చాలట్లేదు. పైపు అయితే మాకు కావలసినంత కోసుకునేవాళ్లం."

ఎంత పొడుగు కావాలమ్మా అని అడిగాను. మిల్లీమీటర్లు రాలేదు. ఫోటో వచ్చింది. టోపీ పక్కన చిటికెన వేలు పెట్టి, గోరు మొదలు దగ్గర బొటనవేలితో నొక్కి చూపించింది. ఇంతవరకు అని.

డ్రాయింగ్ మళ్లీ తెరిచాను.