డింగీ ఏదైనా మోసేది మనమే

కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్ళి తెరచాప పడవల మీద డెక్ పనిలో చేరిన కుర్రాళ్ళని యజమాని ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు, కొత్త డింగీ, అంటే పెద్ద పడవతో ఉండే చిన్న పడవ, ఏది కొందామని. పెద్ద పడవ లంగరేశాక మనుషుల్నీ, మంచినీళ్ళ డబ్బాల్నీ ఒడ్డుకీ పడవకీ మధ్య తిప్పేది అదే. ఆయన చూసేది వేగం. రోజూ సాయంత్రం దాన్ని పైకి లాగేవాళ్ళు చూడాల్సింది బరువు.

అడుగు కూడా గాలితోనే బిగిసే 2.7 మీటర్ల డింగీ 25–30 కిలోలుంటుంది. ఇద్దరుంటే చేతులతో ఎత్తేస్తారు. చుట్టూ గాలి ట్యూబులుండి అడుగు మాత్రం గట్టి ఫైబర్‌దైన రిబ్ రకం అయితే దాదాపు రెట్టింపు. పడవ వెనక డింగీని వేలాడదీసి ఎత్తే కొయ్యలు (డేవిట్లు) లేకపోతే తెరచాపని పైకి లాగే తాడు (హాలియార్డ్) కట్టి, తాడు చుట్టే మర (వించి)తో ఎత్తాలి, అదీ ఇంజన్ విడిగా దించాకే. 4, 5, 6 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు చాలా కంపెనీల్లో ఒకే దిమ్మ, బరువు 25–27 కిలోలు. కాబట్టి డింగీ ప్లేటు మీద రాసిన పరిమితి ఒప్పుకుంటే 6 తీసుకోమనండి. ఇంజన్ షాఫ్ట్ 15 అంగుళాలది చాలు. 20ది పెడితే నీటిని నెట్టే ఫ్యాన్ లోతుకి దిగి మేటల దగ్గర ఇసుక కోస్తుంది.

అసలు పేచీ ట్యూబులు కుట్టే గుడ్డ దగ్గర. ప్లాస్టిక్ రకమైన పీవీసీ చవక. కానీ గల్ఫ్ ఎండకి జిగురు వదిలి అతుకులు లేస్తాయి, పైపొర జిడ్డుజిడ్డుగా అవుతుంది. రబ్బరు పూత గుడ్డ హైపలాన్ ఖరీదెక్కువైనా ఎండకి చాలా ఏళ్ళు ఆగుతుంది, అతుకు వేయడమూ తేలిక. యజమాని పీవీసీయే అంటే కవరు కూడా కొనిపించండి, కవరు లేని పీవీసీ అక్కడ దండగ. ట్యూబుల్లో గాలి ఒత్తిడి 0.25 బార్ (ఒత్తిడి కొలత). పొద్దున ఆ లెక్కకి నింపితే, లోపలి గాలి 20 డిగ్రీలు వేడెక్కేసరికి 0.33 దాకా పోతుంది. ఎండలో పెట్టిన సైకిల్ ట్యూబు లాంటిదే. మధ్యాహ్నం కాస్త వదలాలి, సాయంత్రం మళ్ళీ కొట్టాలి.

అంతర్వేది, ఓడలరేవు మొగల్లో తిరిగినవాళ్ళకి పడవని ఇసుక మీదికి ఈడ్చేయడం అలవాటు. గాలి డింగీని ఈడ్చకూడదు, అడుగు అరిగిపోతుంది. ఒమాన్‌లోని ముసందం వైపు రాళ్ళకి ఆల్చిప్పలుంటాయి, ట్యూబు చీరేస్తాయి. మోకాలి లోతులోనే దిగి చెరోవైపు పట్టుకుని మోయాలి. అక్కడా బరువే ముందుకొస్తుంది. ఇంకోటి, ఎదురుగాలి వస్తే గోదావరిలో తెడ్డేసిన చెయ్యి కూడా గాలి డింగీ దగ్గర ఓడిపోతుంది. తెడ్డు మీదే తిరగాలంటే ఫైబర్‌దో ప్లైవుడ్‌దో గట్టి డింగీ నయం. అంచు మీద కాలేస్తే మాత్రం ఒరుగుతుంది, నడిమధ్యన దిగాలి.

వెనక కట్టి లాగే తాడు నీటి మీద తేలేది కావాలి. మునిగే తాడైతే పెద్ద పడవ రివర్స్ తీసేటప్పుడు ఫ్యాన్‌కి చుట్టుకుంటుంది. రాత్రి డింగీని నీళ్ళలో వదలొద్దు, గుల్లలు పడతాయి, దొంగలూ ఉంటారు.

పాతది బేరమాడుతుంటే నిండా గాలి కొట్టించి ఒక రాత్రి ఉంచమనండి. మర్నాడు సబ్బునీళ్ళు రాసి చూడండి. వాల్వు దగ్గర బుడగలొస్తే ధర తగ్గించమనొచ్చు, వాల్వు మార్చుకుంటే సరిపోతుంది. ఇంజన్ తగిలించే వెనక పలక అతుకు దగ్గర బుడగలొస్తే ఆ డింగీ వద్దనండి.