గ్రీన్‌కార్డు క్యూలో మీ వెంట వచ్చేది ఒక్క తేదీయే

గ్రీన్‌కార్డు ఫైలులో చాలా కాగితాలు కంపెనీవి, కొన్ని లాయరువి, మిగతావి ప్రభుత్వానివి. ఉద్యోగం మారినా, దేశం వదిలి వెళ్లినా మీ వెంట వచ్చేది ప్రయారిటీ డేటు, అంటే క్యూలో మీ స్థానాన్ని తేల్చే తేదీ, ఒక్కటే. హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లు జీతం, లొకేషన్ గురించి అడిగినంత గట్టిగా ఈ తేదీ గురించి కంపెనీని అడగరు. అడగాలి.

ముందు ఆ తేదీ ఎక్కడ పుడుతుందో చూద్దాం. కంపెనీ మొదట లేబర్ డిపార్ట్‌మెంటు నుంచి ఆ పోస్టుకు ప్రివెయిలింగ్ వేజ్ (ఆ పనికి అక్కడ నడిచే జీతం) తెప్పించుకోవాలి. తర్వాత ప్రకటనలు ఇచ్చి, అర్హత ఉన్న అమెరికన్ దొరకలేదని చూపించాలి. ఆ పైన అదే డిపార్ట్‌మెంటుకు పర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) దరఖాస్తు వేస్తుంది. అది దాఖలైన రోజే మీ ప్రయారిటీ డేటు. దానికి ముందు గడిచిన నెలలన్నీ లెక్కలోకి రావు, ఆ తర్వాత కంపెనీ యూఎస్‌సీఐఎస్‌కి (ఇమిగ్రేషన్ శాఖ) వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయిన రోజుతోనూ సంబంధం లేదు. అందుకే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే "పర్మ్ ఎప్పుడు మొదలుపెడతారు?" అని హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి. చేరిన ఏడాది దాకా మొదలుపెట్టం అనే కంపెనీలు ఉన్నాయి. ఆ ఏడాది మీ క్యూలోంచే పోతుంది. పర్మ్ సర్టిఫై అయ్యాక 180 రోజుల్లోపు ఐ-140 వేయకపోతే పర్మ్ చెల్లకుండా పోతుంది, తేదీ మళ్లీ మొదటికొస్తుంది. ఎన్ఐడబ్ల్యూ (దేశ ప్రయోజనం పేరిట పర్మ్ మినహాయింపు), ఈబీ-1 (మొదటి ప్రాధాన్య వర్గం) లాంటి వాటికి పర్మ్ ఉండదు కాబట్టి ఐ-140 దాఖలు చేసిన రోజే తేదీ అవుతుంది.

క్యూ ఇంత పొడవెందుకంటే, 1990 చట్టం ఉద్యోగ కోటాకు ఏడాదికి సుమారు 1,40,000 వీసాలు పెట్టింది. అందులోనే భార్య లేదా భర్త, పిల్లలు కూడా లెక్కకొస్తారు. పైగా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరు. మిగతా దేశాలు వాడుకోక మిగిలినవి కొన్ని మనకు వచ్చినా అవి చాలవు. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో (అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే తేదీల పట్టిక) ఫైనల్ యాక్షన్ తేదీ, అంటే గ్రీన్‌కార్డు ఇచ్చే హద్దు, ఇండియా ఈబీ-2కి (పై డిగ్రీ కావాల్సిన ఉద్యోగాలు) 2013 ఏప్రిల్ 1, ఈబీ-3కి (డిగ్రీ లేదా నైపుణ్యం కావాల్సినవి) 2013 ఆగస్టు 22. మీ ప్రయారిటీ డేటు అంతకంటే ముందుదైతేనే కరెంటు అయినట్టు, అంటే మీ వంతు వచ్చినట్టు. బులెటిన్‌లోని తేదీ ముందుకే వెళ్తుందన్న నమ్మకం కూడా పెట్టుకోకూడదు. ఆ ఏడాది కోటా అయిపోతే వెనక్కీ వెళ్తుంది. కొత్త కోటా అక్టోబరు 1న మొదలవుతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఏ దేశం క్యూలో నిలబడతారన్నది మీ పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన ఊరును బట్టి తేలుతుంది. హైదరాబాద్‌లో పుట్టి కెనడా పౌరసత్వం తీసుకున్నవాళ్లు కూడా ఇండియా క్యూలోనే ఉంటారు. తల్లిదండ్రులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నప్పుడు అక్కడ పుట్టినవాళ్లు ఇండియా పాస్‌పోర్టు మీదే పెరిగినా ఆ దేశం క్యూలోకి వస్తారు. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లిన కుటుంబాల్లో ఇలాంటి పిల్లలు ఉంటారు. మీ జీవిత భాగస్వామి అలా పుట్టి ఉంటే ఆ దేశం క్యూను మీరు కూడా వాడుకోవచ్చు. దీన్ని క్రాస్ చార్జబిలిటీ అంటారు. ఇద్దరూ కలిసి ఐ-485 (చివరి గ్రీన్‌కార్డు దరఖాస్తు) వేయాలి, పెళ్లి సర్టిఫికెట్, ఆ దేశపు జనన పత్రం జతచేయాలి, కవర్ లెటర్‌లో పైనే ఆ మాట రాయాలి. పిల్లలు పుట్టిన దేశం మాత్రం తల్లిదండ్రులకు పనికిరాదు.

ఆరేళ్ల లెక్క కూడా ఈ తేదీతోనే ముడిపడి ఉంది. హెచ్-1బి మీద మొత్తం ఆరేళ్లే ఉండొచ్చు. పర్మ్ గానీ ఐ-140 గానీ వేసి 365 రోజులు దాటితే ఏడాది చొప్పున పొడిగింపు దొరుకుతుంది. ఐ-140 అప్రూవ్ అయి, తేదీ ఇంకా కరెంటు కాకపోతే మూడేళ్ల చొప్పున ఇస్తారు. మీ ఆరేళ్లు 2027 సెప్టెంబరు 30న ముగుస్తాయనుకోండి. 2026 సెప్టెంబరు 30 లోపు పర్మ్ దాఖలు కావాలి. ఆలస్యమైతే రీక్యాప్చర్ ఒక దారి. హెచ్-1బి కాలంలో ఇండియాలో గడిపిన రోజుల్ని తిరిగి కలుపుకోవచ్చు. 62 రోజులు ఉంటే పై ఉదాహరణలో పర్మ్ గడువు 2026 డిసెంబరు 1కి జరుగుతుంది. పూర్తిగా అమెరికా బయట గడిపిన రోజులే లెక్క, బయల్దేరిన రోజూ దిగిన రోజూ రావు. పాస్‌పోర్టు ముద్రలు, ఐ-94 (అమెరికా రాకపోకల రికార్డు) ట్రావెల్ హిస్టరీ, బోర్డింగ్ పాసులు దాచుకోండి. పాత పాస్‌పోర్టు ఇంటి దగ్గర వదిలేసి వస్తే అందులోని ముద్రలు అవసరానికి అందవు.

ఉద్యోగం మారేటప్పుడు చూసుకోవాల్సింది ఐ-140 అప్రూవల్ తేదీ. అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటాక పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా, మీ హెచ్-1బి పొడిగింపులకు అది పనికొస్తుంది. ఆ లోపే వెనక్కి తీసుకుంటే ప్రయారిటీ డేటు మిగులుతుంది గానీ, పొడిగింపుకి ఆధారం పోతుంది. కొత్త కంపెనీ పర్మ్, ఐ-140 మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే, పాత తేదీ దానికి అతికిస్తారు. ఇండియాకి తిరిగి వెళ్లిపోయి పదేళ్లకు మళ్లీ వచ్చినా ఆ తేదీ అలాగే ఉంటుంది.

కొత్త ఐ-140 అప్రూవల్ నోటీసు చేతికొచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి పై భాగంలోని గళ్లు చదవండి. రిసీట్ నంబరు, రిసీవ్డ్ డేట్, ప్రయారిటీ డేట్, నోటీస్ డేట్ అని విడివిడిగా ఉంటాయి. ప్రయారిటీ డేట్ గడిలో మీ పాత తేదీ కాకుండా కొత్త పర్మ్ తేదీ కనిపిస్తే పాతది అతకలేదన్నమాట. వెంటనే లాయరుకి చెప్పి సరిచేయించండి. ఈ నోటీసు మాది, ఇవ్వం అనే కంపెనీలు ఉన్నాయి. కనీసం రిసీట్ నంబరైనా రాయించుకోండి. అదీ కుదరకపోతే యూఎస్‌సీఐఎస్‌కి ఫోయా (మన సమాచార హక్కు లాంటిది) అర్జీ పెట్టి మీ ఫైలు కాపీ అడగొచ్చు. ఉద్యోగం మానేశాక కాదు, ఇంకా అందులో ఉండగానే ఈ పని మొదలుపెట్టండి.

తేదీ పోయే దారులు తక్కువే. అన్నిటికంటే చేటైనది దొంగ ఎక్స్‌పీరియన్స్. పర్మ్‌లో రాసిన చదువు, అనుభవం అన్నీ ప్రయారిటీ డేటు నాటికే పూర్తయి ఉండాలి. ఒక నెల తక్కువైందని ఎవరో ఇచ్చిన లెటర్ పెడితే, అది బయటపడినప్పుడు ఐ-140తో పాటు తేదీ కూడా రద్దవుతుంది. మోసం చేశారని తేలిస్తే అమెరికాలో అడుగుపెట్టకుండా శాశ్వత నిషేధం పడొచ్చు. మీ మేనేజరు సంతకం ఉన్న నిజమైన లెటర్ కోసం ఆరు నెలలు తిరగాల్సి వచ్చినా తిరగండి.

పిల్లల వయసు విషయంలో చాలా ఇళ్లలో కన్నీళ్లే. 21 నిండితే వాళ్లు డిపెండెంటు కాదు, హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబ వీసా) కూడా అక్కడితో ఆగిపోతుంది. సీఎస్‌పీఏ (పిల్లల వయసును కాపాడే) చట్టం కొంత ఊరటనిస్తుంది. వీసా అందుబాటులోకి వచ్చిన రోజు నాటి వయసులోంచి ఐ-140 పెండింగులో ఉన్న రోజుల్ని తీసేస్తారు. అమ్మాయికి 21 ఏళ్ల 4 నెలలు, ఐ-140 నిర్ణయానికి 150 రోజులు పట్టిందనుకుంటే లెక్క 21 లోపే తేలుతుంది. అదే ఐ-140ని ప్రీమియంలో (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకునే పద్ధతి) వేసి పదిహేను రోజుల్లో అప్రూవ్ చేయించుకుంటే తీసేయడానికి పదిహేనే మిగులుతాయి. పదిహేనేళ్లు దాటిన పిల్లలున్నవాళ్లు ప్రీమియం కట్టే ముందు ఈ లెక్క వేసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి వేసిన దరఖాస్తులకు ఈ వయసును ఫైనల్ యాక్షన్ చార్టు ప్రకారమే కడుతున్నారు, అంతకుముందులా డేట్స్ ఫర్ ఫైలింగ్ చార్టుతో (దరఖాస్తు వేసుకోనిచ్చే తేదీల పట్టిక) కాదు.

తేదీ కరెంటు అయ్యాక ఐ-485 వేయడానికి కాగితాలు సిద్ధంగా ఉండాలి. 2024 డిసెంబరు 2 నుంచి మెడికల్ ఫారం ఐ-693 కూడా దరఖాస్తుతోనే పంపాలి, లేకపోతే తిప్పి పంపొచ్చు. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) రెన్యువల్ ఉన్నవాళ్లు గడువుకి 180 రోజులు ఉండగానే వేయండి. 2025 అక్టోబరు 30 నుంచి వేసినవాటికి ఆటోమేటిక్ పొడిగింపు లేదు, కార్డు గడువు తీరిన రోజే పని ఆపాలి.

మన దగ్గర ఎక్కువగా చిక్కొచ్చేది జనన ధ్రువీకరణ దగ్గర. ఊళ్లో ఇంటి దగ్గర పుట్టినవాళ్లలో చాలామందివి పంచాయతీ రిజిస్టరులో ఎక్కలేదు. ఎక్కినా శిశువు పేరు గడి ఖాళీగా ఉండి, తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ మాత్రమే ఉంటాయి. ఖాళీ గడి ఉంటే పేరు చేర్పించుకోండి. రిజిస్టరులో అసలు లేకపోతే రికార్డు లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. దాంతో పాటు ఎస్ఎస్‌సీ సర్టిఫికెట్, మీరు పుట్టినప్పటి సంగతి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు. ఇప్పుడు కొత్తగా నమోదు చేయించుకున్న సర్టిఫికెట్ ఒక్కటే పెడితే, పుట్టిన చాలా ఏళ్లకు నమోదైంది కాబట్టి ఆర్ఎఫ్ఈ (మరిన్ని ఆధారాలు అడిగే నోటీసు) వచ్చే అవకాశం ఎక్కువ. దానికీ పై ఆధారాలు జతచేయండి.

పేర్లూ సరిచూడండి. ఎస్ఎస్‌సీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడే ఖాళీగా ఉండి వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఈ రూపాలన్నీ ఒకే మనిషివని అఫిడవిట్‌లో వరసగా రాయించండి. అఫిడవిట్ ఇచ్చే ఇద్దరూ మీకంటే పెద్దవాళ్లై ఉండాలి. తమ పేరు, చిరునామా, తాము పుట్టిన తేదీ, మీతో చుట్టరికం, మీరు పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పూర్తి పేర్లు, ఇవన్నీ తమకెలా తెలుసో నోటరీ ముందు రాసివ్వాలి. మేనమామ, పెద్దమ్మ లాంటివాళ్లు ఓపికగా తిరగగలిగే వయసులో ఉండగానే ఈ రెండు కాగితాలు చేయించి పెట్టుకోండి, మీ తేదీ కరెంటు కావడానికి ఇంకా పదేళ్లున్నా సరే.