తోక కుచ్చు రాలిన వేసవి

నిన్న సాయంత్రం తెల్లావు తోకకు మళ్లీ కుచ్చు మొలుస్తూ కనిపించింది. ఆ సంబరంలోనే ఇది రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా. ఆరు ఒంగోలు పశువులు కొండ కింద బీడులో మేస్తాయి. సంక్రాంతి దాటితే అక్కడి గడ్డి పుల్లలైపోతుంది. అందులో మాంసకృత్తులు మూడు, నాలుగు శాతం ఉంటే గొప్ప. 7 శాతానికి తగ్గితే పొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులకే తిండి చాలదు. పశువు మేత తగ్గించేస్తుంది. పప్పుజాతి ఆకు కొంత తోడైతే ఆ ఎండుగడ్డే ఒంటపడుతుంది.

పక్క తోటలో కాగితం మిల్లుకు సుబాబుల్ చెట్లు కొట్టారు. అదీ పప్పుజాతే. ఆకు ఊరికే దొరికింది, మోపులు మోశాను. మూడు వారాల్లో పక్కటెముకలు కప్పుకున్నాయి. ఊళ్లో గొప్పలు చెప్పుకున్నాను. అక్కడితో ఆగానా? బీడుకు తోలడం మానేసి మూడు పూటలా అదే వేశాను.

నెల తిరిగేసరికి తోక నిమిరితే కుచ్చు చేతిలోకి వచ్చింది. నోట చొంగ. పశువుల ఆసుపత్రిలో కుర్చీలోంచి లేవకుండానే గజ్జి అన్నారు, సూది వేయించారు. రెండోసారి వెళితే, "కొట్టం శుభ్రంగా ఉంచుకోవడం చేతకాదా?" అని పదిమందిలో కసిరారు. మేత ఏమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు. తిరిగివస్తుంటే టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు, "బాబాయ్, ఆవుకు తిరుపతి మొక్కు ఉందా?" అన్నాడు. సగం టీ వదిలేసి వచ్చేశాను. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మాంసపు మందలకు మూలమైన జాతి మాది. దాన్ని పుట్టిన గడ్డమీదే బోడితోకను చేశాను.

చివరికి మా పెద్దమ్మ అడిగింది, "ఏం మేపుతున్నావురా?" అని. చెప్పాను. "ఒకే కూర మూడు పూటలా నువ్వు తింటావా?"

పశువైద్యం చదివే మేనల్లుడు ఫోనులో పేరు చెప్పాడు: మిమోసిన్. సుబాబుల్ ఆకులో ఉండే విషం. మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదట. ఆస్ట్రేలియాలో 1980లలో హవాయి మేకల పొట్టలోని సూక్ష్మజీవిని తెచ్చి పశువులకు ఎక్కించి ఆ విషాన్ని విరిచారట. మా కొట్టానికి హవాయి చాలా దూరం.

ఇప్పుడు పగలు బీడు, సాయంత్రం వాడబెట్టిన ఆకు తలకు ఐదు కిలోలు. చూలు ఆవుకు అసలే పెట్టడం లేదు. గాడిదలకు, గుర్రాలకు మీరూ పెట్టకండి. మోపు కనబడితే తెల్లావు ఇప్పటికీ పలుపు తెంచుకోబోతుంది. నేను మాత్రం కాటా కొన్నాను.